జోసెఫ్ ఇత్తడి బిళ్ళ

ఫైర్‌మన్ జోసెఫ్‌ను ట్రైనింగ్ పొగగదిలో పెట్టి చంపారు.

వీపున కట్టుకునే గాలి సిలిండర్ ముందే ఖాళీ చేసి, బయట గడియ పెట్టి మరీ చంపారు. తలుపు గీకి గీకి అతని గోళ్ళు ఊడిపోయాయి. తీరా పోయాక గడియ తీసేశారు. రిపోర్టులో మాత్రం 'ట్రైనింగ్ యాక్సిడెంట్' అని రాసుకున్నారు, మహానుభావులు!

కర్నూలు ఆఫీసులో మేజర్ ఆ ఫోటోలు ఇలియాస్ ముందు పడేశాడు. ఇలియాస్ ఇప్పుడు సీక్రెట్ ఏజెంట్. అంతకుముందు ఆర్మీ ఫైర్‌మన్. కాలుతున్న ట్రక్కులోంచి ఒకప్పుడు అతన్ని భుజాన వేసుకొచ్చింది ఈ జోసెఫే. ఇలియాస్ ఆ గోళ్ళ ఫోటో మీదే చూపు నిలిపాడు.

అసైన్‌మెంట్ సూటిగా ఉంది. బేతంచెర్ల దగ్గర కొండలో మిలిటరీ మందుగుండు డిపో. దాన్ని పేల్చడానికి ఒక విదేశీ ముఠా కాచుకుంది. డిపో ఫైర్ స్టేషన్లోనే వాళ్ళ మనిషి ఉన్నాడు. జోసెఫ్ జాగాలో చేరి వాణ్ణి పట్టుకోవాలి.

"దొరక్కపోతే?"

"కొండ కింది ఊళ్ళు ఉండవు," అన్నాడు మేజర్.

స్టేషన్ పెద్ద ఓబన్న కొత్తవాడికి తనే టీ పోసిచ్చాడు. జోసెఫ్ పేరెత్తగానే కళ్ళు తుడుచుకున్నాడు. ఇలియాస్ మాత్రం గోడ వైపు చూస్తున్నాడు. అక్కడ ఒక్కొక్కరి పేరు కింద ఒక్కో మేకు, మేకుకు ఇత్తడి బిళ్ళ. పొగలోకి వెళ్ళేవాడు తన బిళ్ళను బయట బోర్డుకు తగిలించి వెళ్తాడు. వచ్చాక తన చేత్తోనే తీసుకుని మళ్ళీ గోడకు పెడతాడు. బోర్డు మీద బిళ్ళ ఉందంటే మనిషి లోపలున్నట్టు.

మరి లోపలే చచ్చిపోయిన జోసెఫ్ బిళ్ళ గోడ మేకుకు ఎలా తిరిగొచ్చింది?

బయటివాడైతే దాని జోలికే పోడు. ఏళ్ళ తరబడి బోర్డు సర్దిన చెయ్యే, అలవాటు కొద్దీ దీన్నీ సర్దేసింది. బోర్డు చూసేది ఓబన్న.

మధ్యాహ్నం గేటు దగ్గర కారాగింది. నాపరాళ్ళ వ్యాపారం పేరుతో తిరిగే సమీరా దిగింది. కూలింగ్ గ్లాసులు, ఘుమఘుమలాడే సెంటు. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది కానీ, ఆమె మేజర్ మనిషి.

"బనగానపల్లె మామిడి యాడ దొరుకుతాది?" అంది ఇలియాస్‌తో.

"ఈ యేడు కాపు లేదు."

కోడ్ కలిసింది. ఆమె ఇలియాస్ చేతిలో ఒక లిప్‌స్టిక్ పెట్టింది. లోపల చిన్న కట్టర్ ఉంది. టైమర్ బాంబు ఈ రోజే పేలుతుందనీ, రెండు తీగలూ ఒకేసారి తెంపాలనీ చెప్పింది. ఎక్కడ పెట్టారో ఆమెకూ తెలియదు. ఓబన్నను ఇప్పుడే పట్టుకుంటే నోరు విప్పడు. ఇలియాస్ ఫైరింజన్ వెనక్కి వెళ్ళి గాలి సిలిండర్లను ఒక్కొక్కటే చేత్తో ఎత్తి చూశాడు. తన పేరున్నది తేలిగ్గా ఉంది.

సైరన్ మోగింది. చివరి గోడౌన్లోంచి నల్లటి పొగ. ఓబన్న మిగతావాళ్ళను పైపులతో వెనక వైపు పంపేశాడు.

"నువ్వు లోపలికి పో అప్పా. బోర్డు కాడ నేనుంటా."

ఇలియాస్ బిళ్ళ తగిలించి పొగలోకి దూకాడు. పెట్టెల కింద బాంబు కనిపించింది. వంగాడో లేదో వెనకనుంచి గొడ్డలి భుజంలో దిగింది. ఎముక విరిగింది. మాస్కు వెనక ఓబన్న కళ్ళు.

"నీ సిలిండర్‌లో ఇంకా గాలి యాడిదిరా?"

"నీదే. నువ్వు ఖాళీ చేసింది నీ వీపు మీదుండాది," అన్నాడు ఇలియాస్.

ఓబన్నకు ఊపిరి అందలేదు. అయినా మళ్ళీ గొడ్డలి విసిరాడు. ఇలియాస్ హెల్మెట్‌తో ముఖాన పొడిచాడు. మాస్కు అద్దం పగిలి ఓబన్న కంట్లో దిగింది. అతను ఇలియాస్ గొంతు పట్టుకుని నులిమాడు. ఇలియాస్ మోకాలితో పొట్టలో కుమ్మాడు, మళ్ళీ కుమ్మాడు, జోసెఫ్ గోళ్ళు గుర్తొచ్చి ఇంకోసారి కుమ్మాడు. ఓబన్న గుక్కెడు పొగ మింగి కూలిపోయాడు.

పనిచేసే ఒక్క చేత్తోనే ఇలియాస్ పాక్కుంటూ వెళ్ళి కట్టర్ నొక్కాడు. తీగలు తెగాయి. టైమర్ మీద ఒకటి అంకె అలాగే నిలిచిపోయింది.

బయట సమీరా అతని బిళ్ళ తీసివ్వబోయింది. ఇలియాస్ వద్దని తల ఊపి, నెత్తుటి చేత్తో తనే తీసుకున్నాడు. పక్కనే ఇంకో బిళ్ళ వేలాడుతోంది. చంపడానికి పోతూ కూడా ఓబన్న అలవాటు మానుకోలేదు.

"మరి దీన్ని?" అంది సమీరా.

"ఉండనీ. వచ్చి తీసుకుంటాడేమో చూద్దాం."