పోలీసు వచ్చేసరికి ఇంట్లో ఉండాలి

"అమ్మా, నీకు పుణ్యముంటుంది, ఇవాళ మాత్రం ఆ కుర్చీలోంచి లేవకు," అంటూ బ్రోనా తల్లి ఒళ్ళో శాలువా సర్ది, హడావిడిగా సంచీ భుజాన వేసుకుంది. ఆమె బడిలో ఇంగ్లీషు టీచరు. మొదటి గంటకే క్లాసు.

"వెళ్ళవే తల్లీ, ఆలస్యమవుతుంది. నా గురించి పట్టించుకోకు," అంది డింఫ్నా, వీధి కిటికీ వైపు మొహం తిప్పి.

మా ఐర్లండు ముసలమ్మలు "నా గురించి పట్టించుకోకు" అన్నారంటే బాగా పట్టించుకోమని అర్థం. అది మా మర్యాద. టీ ఇస్తామంటే వద్దంటాం. మళ్ళీ అడిగితే మళ్ళీ వద్దంటాం. మూడోసారి "సరే, మీ మాట కాదనలేక" అని కప్పు అందుకుంటాం. బెల్జియంలో ఈ పప్పులేం ఉడకవు. ఇక్కడ వద్దంటే వద్దే. డింఫ్నా వచ్చిన కొత్తలో పక్కింటావిడ వేడివేడి వాఫిల్స్ పట్టుకొస్తే, ఈవిడ అలవాటుకొద్దీ వద్దంది. ఆవిడ "సరేనండీ" అని పళ్ళెంతో సహా వెనక్కి వెళ్ళిపోయింది. ఆ వాసన గురించి డింఫ్నా వారం రోజులు చెప్పుకుని బాధపడింది. మా వీధిలో ఉన్న ఐర్లండు వాళ్ళందరం ఎప్పుడో ఒకప్పుడు ఇలా వాఫిల్స్ పోగొట్టుకున్నవాళ్ళమే.

వాఫిల్స్ పోతే పోయాయి, ఇప్పుడు పోయేవి కళ్ళు. డింఫ్నాకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. కూతురి మొహం కూడా పొగమంచులో ఉన్నట్టే కనబడుతోంది. భర్త పోయాక ఐర్లండులో, లీట్రిమ్‌లోని అద్దె ఇంటి తాళం చెవి అప్పగించేసి, కూతురి దగ్గరికి వచ్చేసింది. ఇక్కడి డాక్టరు నెలాఖరుకు ఆపరేషన్ చేస్తానన్నాడు. ఆ తేదీ తప్పితే మళ్ళీ ఎప్పటికో చెప్పలేనన్నాడు. ఆపరేషన్ కావాలంటే బీమా ఉండాలి. బీమా కావాలంటే నివాస కార్డు ఉండాలి. కార్డు కావాలంటే వీధి పోలీసు చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చి, ఈ మనిషి నిజంగా ఇక్కడే ఉంటోందని కళ్ళారా చూసి రాయాలి.

సరే, రాయనీ. కానీ ఏ పేరుతో ఉంటోంది? మునిసిపల్ ఆఫీసులో ఒక కౌంటరు ఆవిడ, గుమ్మం గంట మీద పాస్‌పోర్టులో ఉన్నట్టు భర్త ఇంటిపేరు ఉండాలంది. ఇంకో కౌంటరు ఆయన "ఈ దేశంలో ఆడవాళ్ళకు పుట్టింటి పేరే చెల్లుతుంది" అన్నాడు. మూడో ఆవిడ "గంట ఎవరు చూస్తారండీ, ఉత్తరాల డబ్బా మీద ఉండాలి గానీ" అని నవ్వింది. బ్రోనా భర్త కాహల్ విసిగిపోయి గంట మీద రెండు పేర్లూ, డబ్బా మీద రెండూ కలిపి ఇంకోటీ అతికించాడు. పోస్టుమ్యాన్ ఆ ఇంట్లో ముగ్గురు ముసలమ్మలు ఉన్నారనుకుని, మూడో ఆవిడ బయట కనబడట్లేదేమని పరామర్శ కూడా చేశాడు.

పోలీసు మొదటిసారి వచ్చినప్పుడు డింఫ్నా చర్చిలో పూజకు వెళ్ళింది. 'ఇంట్లో లేరు' అని రాసుకుపోయాడు. ఆ రోజునుంచి బ్రోనా తల్లిని గడప దాటనివ్వలేదు. అంతకుముందు ఒకసారి చూపు ఆనక వేడి టీ చేతిమీద పోసుకుందని వంటింట్లోకి ఎలాగూ రానివ్వదు. "అమ్మా, కూర్చో. అమ్మా, ముట్టుకోకు. నేను చేస్తాగా." పొద్దున లేస్తే ఇదే పాట. ప్రేమే, ఎవరు కాదన్నారు? కానీ అంత ప్రేమ కింద కూర్చోవాలంటే నడుం నొప్పి పుడుతుంది.

ఇంట్లోంచే పని చేసుకునే కాహల్ ఆ పూట రొట్టె తెస్తానని వీధి చివరికి వెళ్ళాడు. గంట సరిగ్గా అప్పుడే మోగింది. వీళ్ళకెలా తెలుస్తుందో ఏమో!

డింఫ్నా గోడ తడుముకుంటూ వెళ్ళి తలుపు తీసింది. ఎదురుగా సైకిలు పట్టుకుని ఓ పొడుగాటి కుర్రాడు.

"నేను వీధి పోలీసునండీ, జోరిస్ అంటారు. డింఫ్నా గారు మీరేనా?" ఇంగ్లీషు బాగానే మాట్లాడుతున్నాడు.

"నేనే నాయనా. చలిలో నిలబడ్డావేం, లోపలికి రా."

అతను గంట వైపూ, ఉత్తరాల డబ్బా వైపూ చూసి, "మరి మిగతా ఇద్దరూ?" అన్నాడు.

"ముగ్గురూ నేనే."

జోరిస్ లోపలికొచ్చి టోపీ తీశాడు. "మీ పేరు చూసి ముచ్చటేసిందండీ. మా అమ్మమ్మది గేల్ అనే ఊరు. ఆ ఊళ్ళో గుడి ఉన్న పునీత డింఫ్నా కూడా ఐర్లండు నుంచి వచ్చిందేగా!"

"వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఆవిణ్ని ఏ కౌంటరు దగ్గరా నిలబెట్టలేదన్నమాట. టీ తాగుతావా నాయనా?"

"తాగుతానండీ," అన్నాడు జోరిస్, మొదటిసారికే. డింఫ్నా ఒక్క క్షణం తెల్లబోయింది. ఆ తర్వాత హుషారుగా వంటింట్లోకి నడిచింది. ఒక అలమర తీసింది, మందులు. ఇంకోటి తీసింది, పప్పులు. కప్పుల కోసం తడుముతూ ఉప్పు డబ్బా దొర్లించింది. చివరికి కప్పులు జోరిసే వెతికి తీశాడు. పాలు కూడా అతనే తీశాడు. టీ అతనే పెట్టాడు.

రెండు గుక్కలు తాగి, పుస్తకం తెరిచి అడిగాడు. "మీరు ఇక్కడే ఉంటున్నారా అండీ?"

"అబ్బే, నాదేముంది నాయనా! చుట్టపుచూపుగా వచ్చాను. వీళ్ళకి అడ్డం కాకుండా ఓ మూల కూర్చుంటాను."

"చుట్టపుచూపుగానా?"

"అంతే మరి."

జోరిస్ ఆమె వైపు ఓసారి చూసి, ఏదో రాసుకుని, టీ బాగుందని చెప్పి వెళ్ళిపోయాడు.

"వచ్చాడు, చూశాడు, రాసుకున్నాడు. బంగారంలాంటి కుర్రాడు," అని డింఫ్నా చెబితే, ఆ సాయంత్రం కాహల్ సంతోషం పట్టలేక బీరు సీసా తెరిచాడు. బ్రోనా తల్లిని ముద్దు పెట్టుకుంది. అందరూ హాయిగా నిద్రపోయారు.

కొద్దిరోజుల తర్వాత బడి నుంచి వస్తూ బ్రోనా కార్డు కోసం ఆఫీసుకు వెళ్ళింది. కౌంటరు ఆవిడ కంప్యూటర్లో చూసి తల అడ్డంగా ఊపింది.

"మీ అమ్మగారు ఇక్కడ ఉండట్లేదు కదండీ. చుట్టపుచూపుగా వచ్చానని ఆవిడే చెప్పారు. ఇంట్లో కప్పులెక్కడుంటాయో కూడా ఆవిడకి తెలియదని రాసి ఉంది. మళ్ళీ మొదటినుంచి దరఖాస్తు పెట్టుకోండి. పుట్టిన పత్రం కొత్తగా తీయించినది కావాలి."

"పోయినసారి ఇచ్చాం కదా!"

"అది పాతబడిపోయిందండీ."

"ఆవిడ మళ్ళీ పుట్టలేదు కదండీ!" అని అరిచింది బ్రోనా. వెనక వరుసలో ఉన్నవాళ్ళు జాలిగా చూశారు. వాళ్ళకి తెలుసు.

ఇంటికి వచ్చేసరికి ఆమె కోపం నషాళానికి అంటింది. కోటు కూడా విప్పకుండా తల్లి కుర్చీ ముందు నిలబడింది.

"చుట్టపుచూపుగా వచ్చావా? పోలీసుతో ఆ మాటన్నావా?"

డింఫ్నా కంగారుపడింది. "మర్యాదకి అన్నానే! ముక్కూమొహం తెలియని కుర్రాడి ముందు, ఇది నా ఇల్లు అని ఎలా చెప్పుకుంటాను? ఏం బావుంటుంది?"

"వీళ్ళకి మర్యాద తెలియదమ్మా! అన్నది అన్నట్టు రాసుకుంటారు! నెలాఖరుకి ఆపరేషన్, ఇప్పుడేం చెయ్యను? ఉంటున్నానని ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా?"

"పోనీ బ్రోనా, అత్తయ్య కావాలని..." అంటూ కాహల్ మధ్యలోకి వచ్చాడు.

"నువ్వుండు!" అన్నారు తల్లీకూతుళ్ళు ఒక్కసారే. కాహల్ ఉన్నాడు.

"రాలేదే," అంది డింఫ్నా. ఈసారి గొంతు మారింది. "నోరు రాలేదు. ఎందుకొస్తుంది? ఉండటమంటే ఏమిటి? అలిసిపోయి వచ్చినవాళ్ళకి ఇంత టీ కాచి ఇవ్వడం. ఎంగిలి కప్పు కడగడం. దుప్పటి మడతపెట్టడం. ఈ ఇంట్లో నేను కప్పు కడిగి ఎన్నాళ్ళయిందో చెప్పు. పాలెక్కడుంటాయో ఆ పోలీసు కుర్రాడు నాకు చూపించాడే! సిగ్గుతో చచ్చిపోయాను. కూర్చోమంటావు, కూర్చుంటాను. తినమంటావు, తింటాను. చుట్టాన్ని కాకపోతే ఏమిటి నేను? నేను అబద్ధమేం చెప్పలేదు."

"నీ చెయ్యి కాలిందమ్మా," అంది బ్రోనా. "బొబ్బలెక్కింది. నాన్న పోయాక నాకున్నది నువ్వొక్కదానివి. పనిచేయించుకోవడానికా నిన్ను తెచ్చుకున్నది? నీకేమన్నా అయితే నేను..."

"కాలితే కాలింది! నలభై ఏళ్ళుగా కాలుతూనే ఉంది ఈ చెయ్యి, నిన్ను పెంచలేదూ? కళ్ళు పోతున్నాయని కాదే నా ఏడుపు. ఎవరికీ అక్కర్లేని మనిషినైపోయానని."

ఆ మాట బ్రోనాకు గుచ్చుకుంది. చిన్నప్పుడు తనకు జ్వరమొస్తే ఇదే మనిషి మంచం దిగనిచ్చేది కాదు. నాలుగో రోజుకి పిచ్చెక్కినట్టై తను కిటికీలోంచి దూకి పారిపోయింది. ఇప్పుడు అమ్మకు దూకే ఓపిక కూడా లేదు. ఎంత బుద్ధితక్కువ పని చేశాను అనుకుంది. కోటు విప్పి, వంటింటి బల్ల దగ్గర కూలబడింది.

"అలిసిపోయి వచ్చానమ్మా," అంది. "టీ పెట్టవూ?"

డింఫ్నా ఆ మొహం కనబడకపోయినా అటే చూసింది. లేచింది. పాలు ఎక్కడున్నాయో బ్రోనా చెప్పింది, తీసి ఇవ్వలేదు. కప్పు అంచుమీద వేలు ఆనించి, తడి వేలికి తగిలేదాకా డింఫ్నా టీ పోసింది. కొంచెం బల్లమీద ఒలికింది. బ్రోనా రెండు చేతులూ కుర్చీ కింద బిగబట్టుకుని కూర్చుంది. ఆ టీ తాగుతూ ఇద్దరూ ముక్కులు చీదుకున్నారు. చక్కెర ఎక్కువైందని కాహల్ అనబోయి, బతకనేర్చినవాడు గనుక మానుకున్నాడు.

మర్నాడు బ్రోనా సెలవు పెట్టి మళ్ళీ ఆఫీసుకు వెళ్ళింది. ఈసారి నిన్నటి ఆవిడకి పక్కనున్న కౌంటరు వరుసలో నిలబడింది.

"కొత్త దరఖాస్తా? దేనికండీ?" అని ఆశ్చర్యపోయాడు అక్కడి పెద్దాయన. "పోలీసుని ఇంకోసారి చూసి రమ్మంటే సరిపోతుంది. ఇప్పుడే పంపిస్తాను."

"మరి పుట్టిన పత్రం?"

"ఉందిగా. ఎన్నిసార్లు పుడతారు ఎవరైనా?"

బ్రోనా ఆయన చేతులు పట్టుకుని ఊపేసింది. పక్క కౌంటరు ఆవిడ తనకేమీ పట్టనట్టు కాగితాలకు ముద్రలు కొట్టుకుంటోంది.

ఇక ఇంట్లో డింఫ్నా రాజ్యం మొదలైంది. కప్పుల్ని కింది అలమరలోకి దింపింది. కాహల్ సాక్సులు జతలు కలిపింది, ఒకటి నీలం ఒకటి నలుపు. మంచినీళ్ళ సీసా ఎప్పుడూ ఒకేచోట ఉండాలని శాసనం చేసింది. ఉతికిన బట్టల్లో ఏది ఎవరిదో వాసన చూసి చెప్పేసేది. వారం తిరక్కుండా కాహల్ తన సొంత వంటింట్లో చెంచా కోసం అనుమతి అడగాల్సి వచ్చింది.

జోరిస్ మళ్ళీ వచ్చిన శనివారం నాడు, తల్లీకూతుళ్ళు బంగాళాదుంపల దగ్గర భీకరంగా పోట్లాడుకుంటున్నారు. కాహల్ తలుపు తీశాడు. లోపలినుంచి అరుపులు వీధిలోకే వినబడుతున్నాయి.

"తొక్క తీసి ఉడికిస్తారటే ఎవరైనా! నిన్ను నేనే కన్నానా, ఆస్పత్రిలో మార్చేశారా?"

"తొందరగా ఉడుకుతాయనమ్మా!"

"తొందరేమిటే, రైలెక్కాలా? సారమంతా నీళ్ళలో కలిపి, గడ్డి తినిపిస్తున్నావు మమ్మల్ని. నా గిన్నె ముట్టుకోకు. అవతలికి జరుగు! ఒరే కాహల్, తలుపు తీసి నిలబడ్డావేం, ఇల్లంతా చల్లబడిపోతోంది!"

"అత్తయ్యా, పోలీసు వచ్చారు," అన్నాడు కాహల్ మెల్లిగా.

బ్రోనా చేతిలో దుంప జారి కిందపడింది. జోరిస్ గుమ్మంలో నిలబడి పుస్తకం తెరిచాడు.

"అడగాలి కాబట్టి అడుగుతున్నానండీ. మీరు ఇక్కడే ఉంటున్నారా?"

డింఫ్నా చేతులు నడుం మీద పెట్టుకుంది. "ఉండక ఎక్కడికి పోతానయ్యా! నేను లేకపోతే ఈ కొంపలో ఒక్క దుంప సరిగ్గా ఉడుకుతుందా? లోపలికి వస్తే రా, బూట్లు తుడుచుకుని రా. ఇప్పుడే తుడిచాను మా ఇల్లు."

జోరిస్ బూట్లు తుడుచుకున్నాడు. "వీధిలోనే సగం రాసేశానండీ," అన్నాడు నవ్వుతూ. "చుట్టాలెవరూ ఇంతలా తిట్టరు."

కార్డు వచ్చింది. దాని మీద పుట్టింటి పేరు ఉంది, బీమా వాళ్ళు మాత్రం భర్త పేరుతో ఉత్తరం పంపారు. ఎవరూ నోరెత్తలేదు. నెలాఖరుకు మొదటి కంటికి ఆపరేషన్ జరిగింది.

కట్టు విప్పించుకుని ఇంటికి తీసుకొచ్చిన రోజు, డింఫ్నా ముందుగది మధ్యలో నిలబడి చుట్టూ కలయజూసింది. ముందు గోడలు చూసింది, తర్వాత పైకి చూసింది.

"ఓసి నీ మొహం మండా! ఇన్నాళ్ళూ ఈ బూజుల కిందా నన్ను కూర్చోబెట్టావు?"

బ్రోనా బూజుకర్ర తెచ్చి, స్టూలెక్కింది. అమ్మ కింద నిలబడి హుకుం జారీచేస్తోంది. అటు కాదే, ఎడంపక్క. ఇంకా పైకి. అదిగో, దీపం వెనక. ఇన్నేళ్ళ తర్వాత తన ఇంట్లో అమ్మ తనను తిడుతుంటే, ఆమెకు దుఃఖం ఆగలేదు. అలవాటుగా, కన్నీళ్ళు తుడుచుకోకుండా అలాగే వదిలేసింది. అమ్మకు కనబడదన్న ధైర్యంతో చాలా నెలలుగా అలా ఎన్నిసార్లు ఏడ్చిందో.

కింద గొంతు ఆగిపోయింది. బ్రోనా తలదించి చూసేసరికి, తల్లి తనవైపే మొహమెత్తి చూస్తోంది.

"దిగు," అంది డింఫ్నా, చెయ్యి చాపి. "ఏడుస్తున్నావు. నాకిప్పుడు కనిపిస్తోందే."