ఏడో ముద్ద

"నీకు కూతురుంది కదా. ఎన్నేళ్లు?"

అట్లాంటాలో, బయట ఇన్సూరెన్స్ కంపెనీ బోర్డు వేలాడే ఆఫీసులో, చీఫ్ డొనోవన్ అడిగిన మొదటి ప్రశ్న అది. ఎనిమిదేళ్ల సర్వీసులో సీక్రెట్ ఏజెంట్ భానుప్రకాష్‌ని ఆయన ఇంటి సంగతి అడగడం అదే మొదటిసారి. అప్పుడే గుండె గతుక్కుమనాలి. అనలేదు మరి!

"నాలుగున్నర సార్."

"గుడ్. ఆ పాపని కరీబియన్ క్రూజ్‌కి తీసుకెళ్తున్నావు."

బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగిసింది. టార్గెట్ పేరు రవికాంత్. చాండ్లర్‌లో చిప్ డిజైన్ ఇంజనీర్. మిస్సైల్ గైడెన్స్ చిప్ డిజైన్ మొత్తం ఒక మెమొరీ స్టిక్‌లోకి ఎక్కించుకుని, మయామీలో ఓడ ఎక్కుతున్నాడు. మూడో రోజు కొజుమెల్ రేవులో విదేశీ ముఠా మనిషి కాచుకుని ఉంటాడు. ఆ స్టిక్ ఓడ దిగకూడదు. ఓడ తిరిగి మయామీ చేరితే అరెస్టుల సంగతి డిపార్ట్‌మెంట్ చూసుకుంటుంది. ముఠా లోపల మన మనిషి రాధారాణి ఉంది, ఆమె కూడా అదే ఓడలో ఉండి ఎప్పటికప్పుడు కోడ్ వర్డ్‌తో కబురు చెబుతుంది.

"ఓడ మీద వేరే దేశం జెండా ఉంటుంది. అక్కడ నీకు బ్యాడ్జి లేదు, గన్ లేదు. ఎవరి మీద చెయ్యి వేసినా సెక్యూరిటీ వాళ్లు నిన్నే లోపలేస్తారు. నువ్వెవరో మాకు తెలీదంటాం."

"పాప ఎందుకు సార్?"

"ఒంటరి మగాణ్ణి క్రూజ్‌లో అందరూ చూస్తారు భాను. పిల్లకి తిండి తినిపించే తండ్రిని ఎవడూ చూడడు."

అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో ఇంటికొచ్చి, పాప దేదీప్యని నేనొక్కణ్ణే క్రూజ్‌కి తీసుకెళ్తానని చెప్పేసరికి భార్య సుధ కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు పుట్టినరోజులు, ఒక దసరా, ప్రీస్కూల్ మొదటిరోజు, అన్నీ ఎగ్గొట్టిన మనిషికి ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందనుకుంది పాపం. ఆమె నర్సు, ఆ వారం సెలవు దొరకలేదు. ఆవకాయ సీసా సర్దుతూ ఒక్కటే జాగ్రత్త చెప్పింది. "దానికి మూడు ముద్దలకే పొట్ట నిండుతుంది. పైన బలవంతంగా పెడితే కక్కేస్తుంది. వద్దంటే వదిలేయండి." అబద్ధమాడి జీతం తీసుకునేవాడు ఆ పూట తేలు కుట్టిన దొంగలా తలొంచుకుని బట్టలు మడతపెట్టాడు.

ఓడ ఎక్కగానే ఒక అనౌన్స్‌మెంట్ వచ్చింది. కిందటి ట్రిప్‌లో కడుపు జబ్బు పాకి నానా రభస అయిందట. అందుకని ఎవరికి వాంతి అయినా, అది ఎవరి మీద పడినా, వాళ్లు ఇరవై నాలుగు గంటలు క్యాబిన్‌లోనే ఉండాలి. ఒంటి మీది బట్టలు, చేతిలోని బ్యాగులు ఎర్ర సంచిలో వేసి సీల్ చేస్తారు, మయామీ చేరాకే తిరిగిస్తారు.

రెండు రోజులూ డొనోవన్ అన్నట్టే గడిచాయి. చొక్కా గుండీలో కెమెరా, వెనకాల ఏముందో చూపించే కూలింగ్ గ్లాసెస్, చేతిలో పెరుగన్నం గిన్నె. దేదీప్య ముందు పరిగెత్తుతుంటే, గిన్నె పట్టుకుని వెనకాల తిరిగే నాన్న. రవికాంత్ ఏ డెక్ మీదుంటే ఆ పూట అన్నం ఆ డెక్ మీదే. అతను కుర్చీలోంచి కదలకపోతే భోజనం గంటన్నర సాగేది. పిల్ల మాత్రం నాన్న తనకోసమే తిరుగుతున్నాడని పొంగిపోయింది. ఒక్కసారే అడిగింది, బుగ్గ మీద మెతుకుతో.

"నాన్న, నువ్ నన్ను చూడట్లేదు. వై?"

చూస్తున్నానమ్మా అన్నాడు, రవికాంత్ వైపు చూస్తూనే.

మూడో రోజు పొద్దున, కొజుమెల్ ఇంకో గంట ఉందనగా, స్విమ్మింగ్ పూల్ పక్కనుంచి రాధారాణి నడిచి వచ్చింది. తెల్లటి గౌను, భుజాన తెల్ల లెదర్ బ్యాగు, దాటిపోయాక కూడా నిలిచే సెంటు వాసన. పైకి ఫ్రీమాంట్ కంపెనీలకి కన్సల్టెంట్. ఆమె వస్తుంటే సగం డెక్ పేపర్లు దించింది. పాప బుగ్గ గిల్లి, "ఇవాళ ఐస్‌క్రీమ్ మెషీన్ పని చెయ్యట్లేదు బుజ్జీ" అని వెళ్లిపోయింది.

అది కోడ్. స్టిక్ చేతులు మారడం ఇవాళ లేదు, వాయిదా పడింది. భానుప్రకాష్ ఒళ్లంతా తేలికైంది. ఈ పూటంతా నీదేనమ్మా అనుకుని, కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టి, కళ్లలోకి చూస్తూ తినిపించాడు. సముద్రం కొంచెం ఊగుతోంది, పిల్ల మొహం వాడిపోయింది. అయినా నాన్న పెడుతున్నాడని మూడు ముద్దలు తినేసింది.

అప్పుడు కూలింగ్ గ్లాసెస్ అంచున వెనక టేబుల్ కనిపించింది. రవికాంత్ కళ్లజోడు డబ్బా ఒకటి బల్ల మీద పెట్టి లేచిపోయాడు. రాధారాణి అటుగా వెళ్తూ దాన్ని తీసి బ్యాగులో వేసుకుంది.

ఓరి దేవుడా! కంచే చేను మేస్తోంది.

మన మనిషి అనుకున్నది అవతలి వాళ్ల మనిషి. ఓడ రేవులో ఆగింది. రాధారాణి దిగేవాళ్ల వరసలో నిలబడింది. శాటిలైట్ ఫోన్ ఆరు అంతస్తుల కింద క్యాబిన్‌లో ఉంది. బ్యాగు లాక్కుంటే సెక్యూరిటీ ఇతన్నే పట్టుకుంటుంది, ఆమె చల్లగా దిగిపోతుంది. పాము చావాలి, కర్ర విరక్కూడదు. ఆమె ముందు పన్నెండు మంది ఉన్నారు.

భానుప్రకాష్ కూతుర్ని చంకనెత్తుకుని, గిన్నెతో సహా ఆమె వెనకే వరసలో నిలబడ్డాడు.

"ఇది అమ్మ ముద్ద."

"నాన్న, టమ్మీ ఫుల్."

"అమ్మది వద్దంటే అమ్మ ఏడుస్తుంది కదూ?"

తింది. ఐదోది తాతయ్య ముద్ద. ఆరోది అమ్మమ్మ ముద్ద. అది నోట్లోనే పెట్టుకుని, మింగలేక, నీళ్లు నిండిన కళ్లతో నాన్న మొహంలోకి చూసింది. వరసలో ఇంక ఇద్దరే ఉన్నారు. రాధారాణి దిగేటప్పుడు చూపించే ఓడ కార్డు తీసి చేతిలో పట్టుకుంది. ఛీ, ఏం బతుకు అనుకున్నాడు. అనుకుంటూనే ఏడో ముద్ద కలిపాడు.

"ఇది నాన్న ముద్ద తల్లీ."

నాన్న ముద్దకి నోరు తెరిచింది. అతను గిన్నె కింద పెట్టి, పిల్లని రెండు చేతులా పైకెత్తి, రాధారాణి భుజం మీదుగా ఒకటి, రెండు, మూడుసార్లు ఊపాడు.

మూడోసారి పని జరిగింది. తెల్ల గౌను, తెల్ల బ్యాగు, తీసి పట్టుకున్న కార్డు, అన్నీ తడిసిపోయాయి. ఈల మోగింది. మాస్కులు కట్టుకున్న నలుగురు పరుగున వచ్చారు. రాధారాణి గింజుకుంది, అరిచింది, తన లాయర్ పేరు చెప్పింది. వాళ్లు సారీ మేడమ్ అంటూనే బ్యాగుని ఎర్ర సంచిలో వేసి సీల్ చేశారు.

మెడికల్ రూమ్‌లో అతన్నీ రాధారాణినీ చెరో కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె చాలాసేపు పాపనే చూసింది. తర్వాత మెల్లిగా అంది. "నా జన్మలో ఎంతమందిని వాడుకున్నానో లెక్కలేదు భాను. నాలుగేళ్ల పిల్లని మాత్రం ముట్టుకోలేదు."

అతను పాప మూతి తుడిచాడు.

క్యాబిన్‌లో దేదీప్య అతని చొక్కా పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఐయామ్ సారీ నాన్న, ఆంటీ డ్రెస్ డర్టీ అయింది, నేను బ్యాడ్ గర్ల్ అంది. నీ తప్పేం లేదమ్మా, తప్పు నాదే అన్నాడు. నిజం చెప్పినా ఆ పిల్ల నమ్మలేదు.

మయామీలో ఓడ ఆగగానే రాధారాణినీ రవికాంత్‌నీ చెరో కారు ఎక్కించారు. స్టిక్ ఎర్ర సంచిలోనే దొరికింది. వాషింగ్టన్ చాలా ఖుషీగా ఉందని డొనోవన్ భుజం తట్టాడు. రిపోర్ట్ అక్కడే రాసివ్వమని ఫారం చేతికిచ్చాడు.

రాస్తుండగా సుధ ఫోన్ చేసింది. పాప ఫోన్ లాక్కుని గబగబా చెప్పేసింది. "అమ్మ, నాన్న నాకు సెవెన్ ముద్దలు పెట్టాడు! ఎక్కడికీ వెళ్లలేదు, నాతోనే ఉన్నాడు!"

ఫోన్ మళ్లీ అతని చేతికొచ్చింది. "మూడు దాటని పిల్ల మీ చేత్తో ఏడు తిందా! థాంక్సండీ" అంది సుధ. "నేను దాన్ని మీకు వదలడానికి భయపడ్డాను. నన్ను క్షమించండి."

అతను ఫోన్ పెట్టేసి ఫారం ముందుకు లాక్కున్నాడు. ఆపరేషన్‌లో ఉపయోగించిన సాధనాలు అన్న గడి ఖాళీగా ఉంది. పెరుగన్నం అని రాశాడు. ఇంకో లైను మిగిలింది గానీ, దాన్ని నింపడానికి చెయ్యి రాలేదు.