రింగు నడుమ అరగంట

ఫ్లాష్ బల్బు భగ్గుమంది. తెల్లగుర్రం పన్నీరు బెదిరి ముందుకాళ్లు పైకెత్తింది. దాని వీపు మీద నిలబడిన అమ్మాయి గాల్లో గిరికీ కొట్టి రంపపు పొట్టులో కూలబడింది.

"ఎవరయ్యా ఆ మెరుపు మెరిపించింది?"

జుట్టులోని పొట్టు దులుపుకుంటూ ఆమె లేచిన తీరుకి, అల్లావుద్దీన్‌కి తన కెమెరా సంచీలో తానే దూరిపోవాలనిపించింది. అతను నెల్లూరు ట్రంకు రోడ్డులోని స్టూడియోలో పనిచేస్తాడు. అరవై రెండులో పెన్న ఒడ్డున డేరా వేసిన సర్కస్ వాళ్లు, మద్రాసు పోస్టర్లకు ఫొటో కావాలంటే వచ్చాడు.

"నేనేనండీ. డేరాలో వెలుతురు చాల్లేదని..."

"చాలకపోతే ఇంటికిపొయ్యి దీపం ముందర కూర్చో! నా కాలిరిగితే నువ్వు మోస్తావా నన్ను?"

"మోస్తాను" అనేశాడు కంగారులో.

అమ్మాయికి నవ్వొచ్చింది. కానీ రింగు నడుమ కొరడా పట్టుకుని నిలబడిన ఆమె తండ్రి, గుర్రాలకు ఆటలు నేర్పే సైదులుకి మాత్రం రాలేదు.

"ఇంకోసారి ఆ బల్బు కనబడిందో, నీ కెమెరాని గుర్రానికి దాణాగా పెడతా."

అలా ఫ్లాష్ పోయింది. అల్లావుద్దీన్ మాత్రం పోలేదు. రోజూ మధ్యాహ్నం ఆటకి వచ్చి గ్యాలరీ బల్ల మీద కూర్చునేవాడు. పాత గుడ్డ డేరాలోంచి దిగే మసక వెలుతురు తప్ప లోపల ఆధారం లేదు. ఆ కాస్త వెలుతురులో ఫొటో పడాలంటే షట్టరు కాసేపు తెరిచి ఉంచాలి. ఆ కాసేపట్లో పన్నీరు అటునుంచి ఇటు వచ్చేసేది. ఫొటో అంతా అలుక్కుపోయేది.

"ఇదేంది, పిండి ఆరబోసినారా?" అంది బీజాన్, అతను తెచ్చిన ఫొటో చూసి. అదీ ఆ అమ్మాయి పేరు.

"నువ్వే."

"నేనా? నా తల యాడ?"

"అదే నేనూ వెతుకుతున్నా."

పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆగాక మెల్లగా అంది. "బుద్ధి తెలిసినకాడ్నుంచి గుర్రం మీదనే ఉండా. అట్ట నిలబడితే ఎట్టుంటానో నాకే తెలవదు. ఊరంతా టిక్కెట్టు కొనుక్కోని చూస్తారు. నేను ఒక్కసారన్నా చూడలా."

ఆ మాట అతని గుండెలో దిగబడిపోయింది. ఆదివారం ఆటతో డేరా ఎత్తేస్తున్నారు. అప్పటిలోగా ఆమెను ఆమెకు చూపించలేకపోతే, ఈ చేతిలో కెమెరా ఉండీ ఎందుకు?

రాత్రంతా ఆలోచిస్తే ఉపాయం తట్టింది. గ్యాలరీలో కూర్చుంటే గుర్రం దగ్గరవుతుంది, దూరమవుతుంది. రింగు నడుమ నిలబడితే ఎప్పుడూ అంతే దూరం. దానితోపాటు తానూ తిరిగితే, ఆమె కెమెరాలో కదలకుండా ఉంటుంది.

"నడుమనా?" బీజాన్ కళ్లు పెద్దవి చేసింది. "ఆడ మా ఇంటి మనుషులు తప్ప ఇంకొకరు నిలబడకూడదు. మా తాతకాలం నుంచీ అంతే. నాయన ఒప్పుకోడు."

అన్నట్టే సైదులు ఒప్పుకోలేదు. కూతురు అన్నం తినకుండా కూర్చుంటే, ఆదివారం పొద్దున మెత్తబడ్డాడు.

"సరే. అరగంట మా ఇంటోడివనుకుంటా. ఆ తర్వాత బయటికి నడువు. చెప్పులు ఆడనే ఇప్పెయ్. ఈ మట్టి మాకు అన్నం పెట్టే మట్టి."

చెప్పులు విప్పి లోపలికి నడిచాడు. మైపాడు సముద్రం వైపునుంచి వచ్చిన వాన డేరా మీద చిటపటమంటోంది. ఖాళీ గ్యాలరీలు. పన్నీరు పరుగందుకుంది. బీజాన్ దాని వీపు మీద నిటారుగా లేచి చేతులు చాపింది.

అతను కెమెరాతో ఆమెతోపాటే తిరగసాగాడు. బల్లలు, స్తంభాలు, తాళ్లు అన్నీ ఏటినీళ్లలా వెనక్కి జారిపోయాయి. లోకమంతా తిరుగుతోంది, ఆమె ఒక్కతే నిలిచి ఉంది. అల్లావుద్దీన్‌కి అప్పుడర్థమైంది. ఇన్నాళ్లూ తాను చూసింది ఆట. ఇది వేరే. మసీదులో పండగ నమాజునాడు అందరూ ఒక్కసారిగా మౌనమైపోయినప్పుడు కలిగే భయంలాంటి సంతోషం అతన్ని కమ్మేసింది. ఫొటో సంగతే మరిచిపోయాడు.

"నొక్కవయ్యా!" అరిచాడు పక్కనే నిలబడిన సైదులు.

నొక్కాడు.

మధ్యాహ్నానికి, ఇంకా తడి ఆరని ఫొటో తెచ్చి బీజాన్ చేతిలో పెట్టాడు. వెనకంతా గాలే. ఆ గాలి నడుమ గుర్రం జూలు, చాచిన చేతులు, వెలిగిపోతున్న ముఖం. ఆ ముఖం దాకా వేలు తీసుకుపోయి, తడి అంటుతుందని ఆపేసింది బీజాన్.

"నేను... ఇట్టుంటానా?"

"ఇంకా బాగుంటావు. కెమెరాకి ఇంతే పట్టింది."

కన్నీళ్లు ఫొటో మీద పడకుండా ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. సైదులు దాన్ని అందుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"గుర్రం చెవుల నడుమ చూడాలని నీకు నేను మొట్టమొదట నేర్పిన పాఠం గదా. ఇందులో ఎటు చూస్తా ఉండావు?"

బీజాన్ తలదించుకుంది. ఫొటోలో ఆమె చూపు సూటిగా రింగు నడుమకే ఉంది.

"నడుమ నువ్వూ ఉండావు గదా నాయనా" అంది, వినీవినబడకుండా.

"నన్ను చూసి ఏనాడూ ఇట్ట నవ్వలా నువ్వు."

సైదులు కొరడాను గుంజకు తగిలించాడు. కుర్రవాడి వైపు, మళ్లీ ఫొటో వైపు చూసి నిట్టూర్చాడు.

"అరగంటకని లోపలికి పిలిస్తిని. ఇప్పుడు నిన్ను బయటికి ఎట్ట పంపేది? పొయ్యి మీ నాయన్ని పిలుచుకోని రా అబ్బయా. రింగు కాడ చెప్పులు ఇప్పమని చెప్పు."