తిరిగి చెప్పని మాట

జలాంతర్గామిలో పగలూ రాత్రీ ఒకటే. గడియారం మధ్యాహ్నం రెండంటే రెండని నమ్మాలి, అంతే. అణు ఇంజనీరు భోంచేసి వచ్చి, పడవను నడిపే రియాక్టర్ మీటర్ల ముందు కూర్చున్నాడు. నూనె వాసన, ఫ్యాన్ల రొద. నీళ్ళ కింద ఇది నలభయ్యో రోజు.

అక్కడ ఒక నియమం ఉంది. ఫోన్లో విన్న మాటను వెంటనే తిరిగి చెప్పాలి. చెప్పకపోతే విననట్టే లెక్క. ఆ అలవాటు అతనితోపాటు ఇంటికీ వచ్చింది. తల్లి పోయాక అతన్ని పెంచి పెద్దచేసిన అక్క "ఉప్పందుకోరా" అంటే, "ఉప్పందుకుంటున్నాను" అనేవాడు. "నీ చాదస్తం తగలెయ్య!" అని ఆవిడ నెత్తిన మొట్టేది. అతను బయల్దేరేనాటికి ఆవిడ ఆసుపత్రి మంచం మీద ఉంది. సముద్రంలో ఉండగా చెడ్డ కబురు వస్తే తనకు చెప్పొద్దని సంతకం పెట్టి మరీ వచ్చాడు. తెలిసినా ఒడ్డుకు పోలేడు కదా.

ఫోన్ మోగింది.

ఏ లైనో చూపే దీపం వైపు చూశాడు. అది ఉక్కు తలుపు అవతల ఉన్న రియాక్టర్ గది లైను. రియాక్టర్ నడుస్తుండగా ఆ గదిలోకి ఎవరూ వెళ్ళరు. వెళ్తే బతకరు.

ఎత్తాడు. గుప్పున మందుల వాసన...

"తమ్ముడూ... ఉక్కగా ఉందిరా. తలుపు తియ్యి."

అక్క గొంతే. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. తీస్తున్నానంటే తీసి తీరాలి. తీస్తే పడవలో ఎనభై మంది... పళ్ళు బిగబట్టాడు.

"విన్నావా? తిరిగి చెప్పరా..."

పెట్టేశాడు. పిచ్చోడంటారని ఎవరికీ చెప్పలేదు.

నెల తర్వాత రేవులో కెప్టెన్ అతని చేతిలో కవరు పెట్టాడు. "నువ్వే కదయ్యా చెప్పొద్దన్నావు," అన్నాడు తలొంచుకుని. అక్క నలభయ్యో రోజునే పోయింది. ఫోన్ చేస్తే బావ వెక్కుతూ చెప్పాడు.

"మధ్యాహ్నం రెండింటికి ఫోన్ అడిగి చెవి దగ్గర పెట్టించుకుంది. తలుపు తియ్యమంది. అన్నీ తెరిచే ఉన్నాయిరా! వాడు వింటున్నాడు, తిరిగి చెప్పట్లేదు అంటూనే పోయింది."

అతను ఉన్నచోటే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తలుపు తియ్యకపోయినా, అక్కా అని ఒక్క మాట అనుండాల్సింది.

రియాక్టర్ ఆపి, చల్లారాక, తనిఖీకి ఆ తలుపు తెరిచింది అతనే. హెల్మెట్ బిగించుకుని ఒక్కడే లోపలికి దిగాడు. కటిక చీకటి. కాలిన లోహం వాసన. టార్చి వేశాడు. గోడ మీది ఫోన్ రిసీవర్ కొక్కెం నుంచి జారి, తీగకు వేలాడుతోంది...

ఇంకా ఊగుతోంది.

చెవికి ఆనించుకున్నాడు. చడీచప్పుడూ లేదు.

"తలుపు తీశానక్కా," అన్నాడు.

జవాబు ఫోన్లోంచి రాలేదు. వీపు వెనకనుంచి వచ్చింది.

"తలుపు తీశావు."

హెల్మెట్ లోపల, నెత్తి మీద, చల్లగా ఒక మొట్టికాయ పడింది.