తలుపు మీది నోటీసు

తెల్లవారి నమాజు ముగించుకుని జులేఖా బీ పొయ్యి రాజేస్తుంటే, కొడుకు జిలాని బాషా వచ్చి కాస్త గంజి అడిగాడు. పొద్దున్నే గంజి దేనికని ఆమె అడగలేదు. కడపలో వకీలు దగ్గర గుమాస్తాగా చేరినప్పటినుంచీ కొడుకు చేసే పనులు ఆమెకు సగమే అర్థమవుతున్నాయి. మిగతా సగం అడిగితే విసుక్కుంటాడు.

అతని చేతిలోని కాగితం సంగతి మాత్రం ఆమెకు తెలుసు. దాని మీది వేలిముద్ర ఆమెదే. జిలానికి పెళ్లి కుదిరింది. కొత్త కోడలికి వేరే గది ఉండాలని బద్వేలు వియ్యాలవారు పట్టుబట్టారు. ఇంటి ముందు భాగంలో ఏళ్ల తరబడి అద్దెకుంటున్న లేవిని ఖాళీ చేయించక తప్పదని జిలాని తేల్చేశాడు.

"నోటితో చెప్తే పోదా బేటా? మన మనుషుల మాదిరి ఉండారు," అంది జులేఖా బీ ముందురోజు రాత్రి, వేలు ముందుకు చాపేముందు.

"నోటిమాట కోర్టులో నిలబడదమ్మా. కాగితం మీద రాసియ్యాల. రేపే అందాల. తప్పితే ఇంకో నెల ఆగాల."

రూలంటే రూలే. ఆమె వేలు సిరాలో ముంచింది.

లేవికి రైల్వేలో ఉద్యోగం. ఆ రోజు పని మీద నందలూరు వెళ్లాడు. ఇంట్లో అతని భార్య, నిండు చూలాలు వరమ్మ ఒక్కతే ఉంది. జిలాని కాగితం ఇవ్వబోతే ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. ముద్ర వేసిన కాగితం ముట్టుకుంటే అందులో ఉన్నదానికంతా ఒప్పుకున్నట్టేనని ఆ వీధి ఆడవాళ్ల నమ్మకం.

"మా ఆయన రానీ అన్నా. ఆయనకే ఇద్దువు," అని తలుపు వేసుకుంది.

చేతికి తీసుకోకపోతే తలుపుకు అంటించవచ్చని వకీలు ముందే చెప్పి ఉన్నాడు. జిలాని గంజి పూసి, నాలుగు మూలలూ బాగా నొక్కి, తన దారిన తాను వెళ్లిపోయాడు.

అంత చదువుకున్నవాడికీ ఒక్క ముక్క తోచలేదు. అది ప్లేగు ఏడు. తలుపు మీద కాగితం పడిందంటే ఆ ఇంట్లో రోగం ఉందని ఊరంతా దడుచుకునే రోజులు. ఆ వీధిలో చదవడం వచ్చినవాళ్లే తక్కువ. వాళ్లు కూడా దగ్గరికి పోయి చదివే సాహసం చేయలేదు. నీళ్లు తెచ్చే సుంకన్న కావడి దించకుండానే వెనక్కి తిరిగాడు. తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు.

మధ్యాహ్నం వరమ్మ మూలుగు గోడ ఇవతలికి వినిపించింది. జులేఖా బీ పరుగున బయటికి వచ్చేసరికి, ఆ దారిన పోతున్న మంత్రసాని పీరమ్మ వీధి మధ్యలో ఆగిపోయి ఉంది.

"నిలబడినావేమే? లోపలికి పో. ఆ పిల్ల నొప్పులు పడతాంది!"

"నేను రాను జులేఖమ్మా. తలుపు మీద కాగితం ఉండాది, సూడలేదా? నాకూ పిల్లలుండారు."

"అది రోగం కాగితం కాదే! ఇల్లు ఖాళీ చెయ్యమని మేం అంటించింది."

పీరమ్మ నమ్మలేదు. "నిండు చూలాలిని ఇల్లిడిసి పొమ్మని ఎవరన్నా రాస్తారా? నీ అట్లాంటిది రాస్తుందా? నన్ను లోపలికి పంపేదానికి అబద్ధం చెప్తాండావు."

జులేఖా బీకి తల కొట్టేసినట్టయింది. లోపలికి పోయి, వరమ్మ కుండలోని నీళ్లు చెంబుతో ముంచి తెచ్చి, వీధంతా చూస్తుండగా గడప మీద నిలబడి గటగటా తాగింది.

"రోగముంటే ఈ నీళ్లు తాగుతానా? రా!"

పీరమ్మ కొంగు బిగించి గడప దాటింది.

పొద్దు వాలేసరికి ఆడపిల్ల పుట్టింది. కాసేపటికి లేవి వచ్చాడు. అతని వెనకే జిలానీ ఇల్లు చేరాడు. భార్యనూ బిడ్డనూ చూసి బయటికి వచ్చిన లేవి, తలుపు ముందు నిలబడి నోటీసు చివరిదాకా చదివాడు.

"పద్ధతిగానే రాసినావు జిలానీ. నెలాఖరుకు పోతాం," అన్నాడు.

"పద్ధతంట పద్ధతి!" జులేఖా బీ కొడుకు మీద విరుచుకుపడింది. "నీ పద్ధతికి ఈ పొద్దు రెండు పాణాలు పోయుండేవి. నిజం చెప్తే పీరమ్మ నమ్మలేదురా. ఇంత చెడ్డపని జులేఖా బీ చెయ్యదనుకునింది!"

"ఇట్లయితాదని నాకు తెలీదమ్మా," అన్నాడు జిలాని. కాగితం మూల పట్టుకుని లాగబోయాడు.

"చింపితే అయిపోతాదా? ఏలు నాది. రాసిచ్చినదాన్ని ఎనక్కి తీసుకోవాలంటే ఎట్ల?"

"అదీ రాయాల. మనం రాస్తే చాలదు, వాళ్లు ఒప్పుకోవాల."

"రాయి. నీ పెండ్లాంకు నా గది ఇస్తా. నాకు వసారా చాలు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కాక కడుక్కోక తప్పదు. జిలాని రాశాడు, ఆమె మళ్లీ వేలిముద్ర వేసి లేవికి ఇవ్వబోయింది. లేవి చేయి చాపలేదు. పొద్దంతా భార్య ఒక్కతే పడిన అవస్థ అతనికి మింగుడుపడలేదు.

"ఈడికి తీసుకురా అవ్వా," లోపలినుంచి వరమ్మ నీరసంగా పిలిచింది.

జులేఖా బీ మంచం దగ్గరికి పోయింది. పొద్దున ముద్ర కాగితానికి భయపడి చేతులు దాచుకున్న వరమ్మ, బిడ్డను పక్కకు జరిపి చేయి చాపింది. కాగితాన్ని పిడికిట్లోకి తీసుకుంది.

"ముట్టుకున్నా అవ్వా. ఒప్పుకున్నట్టే. దీన్ని పెట్టెలో దాచొద్దు. దాన్ని అంటించిన చోటే అంటించండి. మా ఆయన వీధికంతా చదివి ఇనిపిస్తాడు."

జులేఖా బీ ఏడుస్తూనే గంజి కాచడానికి లేచింది.