పొయ్యి ఎక్కని లడ్డూలు

"ఏంది బావా, బిస్కట్లతోటి పచ్చడి నూరుతున్నవా?"

మల్లయ్య చేతిలోని రోకలి జారి, బొటనవేలికి అంగుళం దూరంలో పడింది. వంటింటి గుమ్మంలో భాగ్యమ్మ. తల మీద వానకు ముసుగేసిన గొంగడి కొప్పెర, చంకలో పాలచెంబు. కనుబొమ్మ మీద ఒక వానచుక్క, పడనా వద్దా అన్నట్టు ఆగి ఉంది.

మల్లయ్య వనపర్తి డాక్ బంగళాలో వంటవాడు. చెరువు కట్ట చూడటానికొచ్చిన ఇంజనీరు దొర తన పుట్టినరోజుకు కేకు అడిగాడు. మూడు రోజుల ముసురుకు కట్టెలు నానిపోయి పొయ్యి అంటుకోలేదు. అందుకని బిస్కట్లు దంచి, వెన్నా బెల్లం కలిపి, దొర ఇచ్చిన రమ్ములో నానిన కిస్‌మిస్ వేసి ఉండలు కడుతున్నాడు.

"సార ఎంత పోసినవ్?"

"గరిటెడు."

"ఇంకో గరిటెడు పొయ్. రేపు పొద్దుగాల మా ఇంటికి పది తే. నీ చేతులతోనే మా నాయినకియ్యాలె."

మల్లయ్య ఉండ కట్టడం ఆపేశాడు. రేపు మధ్యాహ్నమే భాగ్యమ్మ సంబంధానికి తెలకపల్లి వాళ్లు కల్లు కుండలతో వస్తున్నారు. పిల్లవాడి వైపు నుంచి వచ్చిన కల్లో సారో పిల్ల తండ్రి గొంతు దిగిందంటే సంబంధం ఖాయం. ఇక మాట తిరగదు. తాతల నాటి కట్టుబాటు. వరసకు బావే కదా అని మల్లయ్య కూడా అడిగి చూశాడు. "పొయ్యి ఊదేటోనికి నా బిడ్డనియ్య" అన్నాడు ఆమె తండ్రి బాలయ్య.

"నీ సంబంధం ఖాయమయితుంటే నేను మిఠాయి పంచాల్నా?"

"పంచాలె."

"ఎందుకు?"

"జర బుర్ర పెట్టు, తెలుస్తది."

వెళ్తూ వెళ్తూ ఒక చూపు విసిరింది. అది కోపమో, వేడుకోలో తెల్లారేదాకా తేలలేదు.

పొద్దున్నే బాలయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "దొర పుట్టిన్రోజు, మామా" అంటూ మల్లయ్య దొన్నె అందించాడు. బాలయ్య ఒకటి తిన్నాడు. మీసం తుడుచుకుని రెండోది అందుకున్నాడు. పళ్లు లేని అతని తల్లి పెంటమ్మ, మెత్తగా ఉందని ఒకటి చప్పరించి, టక్కున ఆగింది.

"ఒరే బాలయ్యా, ఇండ్ల సార ఉన్నది రా."

"ఉంటేంది?"

"పిలగాడు వాని చేతులతో తెచ్చిండు. నువ్వు మింగినవ్. ఇగ తెలకపల్లోళ్ల కల్లెట్ల తాగుతవ్? ఒక్క పిల్లకు రెండు ఖాయాలా?"

"గది మిఠాయి!"

తలుపు వెనుక గాజులు గలగలమన్నాయి. "కుండల ఉంటేనే సారనా నాయినా? లడ్డుల ఉంటే గాదా?"

బాలయ్య లేచాడు. మల్లయ్య వెనక్కి వెనక్కి జరిగి వానలో పడ్డాడు.

"గింత సార ఎవరు పొయ్యమన్నర్రా?"

మల్లయ్యకు అప్పుడు వెలిగింది, సగమే. తలుపు వైపు చూడకుండా చూరు వైపు చూశాడు.

"నేనే పోసిన మామా. ఎవరు జెప్పలే."

గాజులు ఆగిపోయాయి. బాలయ్య తలుపును చూశాడు, తడుస్తున్న పిల్లవాడిని చూశాడు.

"పొయ్యి ఊదినవా?"

"కట్టెలు తడిసినయి మామా. పొయ్యే ముట్టియ్యలే."

బాలయ్య మీసం కింద ఏదో కదిలింది. దొన్నెలోంచి ఇంకొక లడ్డూ తీసి, అటూ ఇటూ తిప్పి, తీరిగ్గా తిన్నాడు. గొంగడి కప్పుకున్నాడు.

"అమ్మా, తెలకపల్లికి పోయొస్త" అని వానలో నడిచిపోయాడు.

మల్లయ్య తలుపు దగ్గరికి ఉరికాడు. "భాగ్యా, వాళ్లను తొందరగ తోల్కొస్తందుకు పోతుండా?"

భాగ్యమ్మ గుమ్మంలోకొచ్చి తల కొట్టుకుంది.

"మొదటి రెండు తెల్వక తిన్నడు బావా. మూడోది తెలిసి తిన్నడు."