మడిచిన ట్యూబు

పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా కొడుకు బకెట్టు పట్టుకుని ముందుగదిలో నిలబడ్డాడు. గది నిండా అద్దాల తొట్లు, తొట్ల నిండా వాళ్లమ్మ అమ్మే రంగుచేపలు.

"ఇవాళ అన్నీ ఖాళీ చేసేస్తాను. ఎవరు చెప్పినా వినను."

అతని కోపానికి కారణం లేకపోలేదు. పగిలిన తొట్టి అంచు గీరుకుని అమ్మ ముంజేతి మీద పడిన గాయం నెలలు గడిచినా మానలేదు. చివరికి పెద్దాసుపత్రి డాక్టరుగారు చిన్న ముక్క కోసి పరీక్ష చేయించారు. ఇది తామర కాదు, నీళ్లలో పెరిగే నాచుజాతి సూక్ష్మజీవి చర్మంలో చేరిందని తేల్చారు. ఎక్కడో ఒకరికి వస్తుందట. బూజు తెగుళ్లకు వాడే మాత్రలే రాసిచ్చి, తగ్గకపోతే ఆ మేర కోసి తీసేయాలన్నారు. మాత్రలు మింగుతున్నా పుండు పాకుతూనే ఉంది.

"నీళ్లలో చెయ్యి పెడుతున్నావు కదమ్మా? నిజం చెప్పు."

ఆ చేపలంటే ప్రాణం పెట్టే మనిషి తల దించుకుంది. "పారబొయ్యరా, పీడా పోతుంది."

కోడలికి అనుమానం వచ్చింది. అత్తగారు మాటకు మాట అనకుండా ఊరుకోవడమా?

"గ్లవుజులు లేకుండా అత్తయ్య తొట్టి ముట్టుకోరండీ," అంటూ వాటిని చూపిద్దామని గూట్లోంచి తీసింది. వాటిలోంచి చివరిదాకా మడిచి పిండిన ట్యూబు జారిపడింది. మందులకొట్లో పనిచేసే ఆమెకు అదేమిటో ఒకరు చెప్పాలా? మొదట్లో తామరేననుకుని, డాక్టరు చీటీ లేకుండా తనే తెచ్చిచ్చిన స్టెరాయిడ్ క్రీము. రాయగానే ఎరుపు తగ్గితే ఇద్దరూ ఎంత మురిసిపోయారో.

"ఇంకా రాస్తున్నారా? డాక్టరుగారు అడిగితే ఏ క్రీమూ వాడలేదన్నారే."

"అది రాస్తేనే దురద తగ్గుతోందే. పైగా చెబితే ఎవరిచ్చారంటారు. కొట్లో నీ ఉద్యోగం ఉంటుందా?"

"నా ఉద్యోగం కోసం చెయ్యి పోగొట్టుకుంటారా అత్తయ్యా? ఇది రాస్తే చర్మానికి పోరాడే శక్తే పోతుంది. లోపలున్నదానికి మనమే పరుపు పరిచాం."

కొడుకు బకెట్టు కింద పెట్టాడు. "నువ్విచ్చావా?" అన్నాడు భార్యతో.

"దాన్నేమీ అనకు," తల్లి అడ్డొచ్చింది.

కోడలు వాళ్లెదుటే ఫోను చేసింది. "డాక్టరుగారూ, చీటీ లేకుండా స్టెరాయిడ్ క్రీము ఇచ్చింది నేనేనండి. ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు."

డాక్టరుగారు క్రీము ఆపమని, మాత్రలు మానొద్దని, వెంటనే తీసుకురమ్మని చెప్పారు. ఆపరేషన్ తప్పుతుందో లేదో చూశాకే చెప్తామన్నారు.

ఫోను పెట్టేసరికి కోడలు ఏడుస్తోంది. కొడుకు చేపలకు మేత వేయడం మొదలుపెట్టాడు. ఈమధ్య ఇంట్లో ఎవరికీ చూపించకుండా దాచుకున్న చేతిని, అత్తగారు చీర మీద తొడుక్కున్న చొక్కా మోచేతిదాకా మడిచి కోడలి ముందు చాపింది.

"ఏడ్చింది చాలు. నువ్వు తెచ్చిన క్రీము నువ్వే కడిగెయ్," అంది. "ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను."